పద్నాలుగు గొంతులు

కరెంటు పోవాలని వీరవెంకటసత్యనారాయణ దేవుడికి దండం పెట్టుకున్నది జీవితంలో ఆ ఒక్క రోజే.

పేరు చూసి కంగారు పడకండి. వాళ్ళమ్మ వెంకటదుర్గ అన్నవరం కొండెక్కి మొక్కుకుంటే పుట్టాడు కాబట్టి అంత పొడుగు పేరు పెట్టారు గానీ, మండపేటలో అందరికీ అతను సత్యే. సైకిల్ షాపు మేడ మీద రెండు గదుల రికార్డింగ్ స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలు తీస్తాడు, ఆటోల్లో తిరిగే ప్రకటనలకు గొంతిస్తాడు. "అడ్మిషన్లు జరుగుచున్నవి, త్వరపడండి" అని ఆ చుట్టుపక్కల ఎక్కడ వినపడినా ఆ గంభీరమైన గొంతు మనవాడిదే. మనిషి మాత్రం ఆడపిల్ల ఎదురుపడితే మాట పెగలని రకం.

చినపాలెం లూథరన్ చర్చి నుంచి పిలుపొచ్చింది, యూత్ క్వయర్ పాట రికార్డు చేయాలని. వెళ్ళి చూస్తే చర్చి బ్రహ్మాండంగా ఉంది. మందపాటి గోడలు, ఎత్తయిన కిటికీలు, పెంకుల కప్పు. కానీ ఎదురుగా రోడ్డు, రోడ్డుకవతల వెంకటరాజుగారి రైస్ మిల్లు. ఇంటింటికీ నీళ్ళ మోటార్లు. చర్చిలో ఫ్యాన్లు వేస్తే కిర్రుకిర్రుమని అదో సంగీతం. ఇన్నిటి మధ్య మెల్లగా పాడే పాట మైకులో ఎలా పడుతుంది?

అదృష్టం బాగుండి, వానలు మొదలయ్యేలోపు తీగలకు తగిలే కొమ్మలు నరకడానికి శనివారం ఎనిమిది నుంచి పన్నెండు దాకా కరెంటు తీసేస్తారని కబురొచ్చింది. సత్య వెంటనే ఫోన్ చేశాడు.

"ఆ రోజే పెట్టుకుందామండి."

"కరెంటు లేనప్పుడు రికార్డింగాండీ?" అంది అవతలి అమ్మాయి. "మీ మిషన్లు దేంతో నడుస్తాయి, కిరసనాయిలుతోనా?"

"బ్యాటరీతోనండి" అన్నాడు సత్య. ఆ వెటకారానికి ఇంతకంటే మంచి జవాబు కూడా తట్టింది గానీ, అప్పటికి ఆమె ఫోన్ పెట్టేసి పావుగంటయింది.

శనివారం ఏడున్నరకే సామాను దింపుకుని చర్చి వరండాలో నిలబడ్డాడు. లేతాకుపచ్చ చుడీదారులో ఒకమ్మాయి, చున్నీ తల మీదుగా వేసుకుని, చెప్పులు మెట్ల దగ్గర విడిచి ఎదురొచ్చింది.

"మిషన్లాయన మీరేనా?"

ఫోన్లో గొంతే.

"సత్య అండి. సౌండ్ ఇంజనీర్ని."

"ఇంజనీరింగ్ ఎక్కడ చదివారండి?"

"చదవలేదండి. సౌండొక్కటే ఉంది."

ఆమె చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందని కళ్ళు చెప్పేశాయి. పేరు సారిక. ఆ ఊరి సచివాలయంలోనే డిజిటల్ అసిస్టెంటు. పద్నాలుగు మంది క్వయర్‌కి లీడరు.

లోపల అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వెనక బెంచీలో సారిక వాళ్ళమ్మ సంపూర్ణమ్మగారు, హైస్కూలు హెడ్మాస్టరమ్మ, కళ్ళజోడు పైనుంచి సత్యని ఓసారి చూసి బైబిల్లోకి తల దించుకున్నారు. ఆ చూపుకే సత్య చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"కీబోర్డు ఎవరండి?" అడిగాడు మైకులు నిలబెడుతూ.

"కీబోర్డు లేదండి" అంది సారిక.

"తబలా?"

"లేదండి."

"మరి బీటు?"

"మీకు గుండె కొట్టుకోదాండీ?"

అప్పటిదాకా మామూలుగానే కొట్టుకుంటోంది పాపం.

"సరేనండి. పాటకి ఎన్ని చరణాలు?"

"చరణాలుండవండి. ఒక్కటే వాక్యం. మళ్ళీ మళ్ళీ పాడుతూ ధ్యానం చేస్తాం."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టం."

"లెక్కలేకపోతే నేనెప్పుడు ఆపాలండి?"

"మీరు ఆపక్కర్లేదు. మనసులు కుదుటపడ్డాక అదే ఆగుతుంది."

సత్య బుర్ర గోక్కున్నాడు. సారిక కొంచెం దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "అదిగో, ఆ చివర కూర్చుంది చూడండి, దేవకుమారి. మంగళవారం సాయంత్రం రైలుకి బెంగుళూరు వెళ్ళిపోతోంది, నర్సు ఉద్యోగం. నెలాఖరుకి ఏసురాజు, ఇంకో నలుగురు తలో దిక్కూ వెళ్తారు. ఎనిమిదేళ్ళ నుంచి కలిసి పాడుతున్నామండి. వెళ్ళినచోట వినడానికి ఇదొక్కటే ఉంటుంది. మీరు కాస్త జాగ్రత్తగా..."

"ప్రాణం పెట్టి చేస్తానండి" అన్నాడు సత్య. అనేశాక తనకే ఆశ్చర్యమేసింది, అంత పెద్దమాట ఎలా వచ్చిందా అని.

ఎనిమిదయింది. కరెంటు పోలేదు. ఎనిమిదీ పది. అప్పుడే అతను కళ్ళు మూసుకుని అన్నవరం దేవుడికి దండం పెట్టుకున్నది. ఎనిమిదింపావుకి ఫ్యాన్లు నెమ్మదించాయి. రోడ్డవతల మిల్లు గొణుగుతూ గొణుగుతూ సద్దుమణిగింది. ఊరంతా ఒక్కసారి నోరు మూసుకున్నట్టయింది. అప్పుడు వినపడింది కాలవ పారే చప్పుడు. అంతసేపూ పక్కనే పారుతోందని అతనికి తెలియనే లేదు.

"నీ సన్నిధే నాకు నెమ్మది... ప్రభువా, నీ సన్నిధే..."

సారిక ఎత్తుకుంది. ఒక్కొక్కరే కలిశారు. పెద్దగా కాదు, పసిపిల్లని నిద్రపుచ్చేటప్పుడు పాడతామే, అంత మెల్లగా. మొదటి అయిదు నిమిషాలు సత్య మీటర్లు చూసుకున్నాడు. ఆ తర్వాత మీటర్ల సంగతి మరిచిపోయాడు. అదే వాక్యం వస్తోంది, వెళ్తోంది, మళ్ళీ వస్తోంది. విసుగనిపించాల్సింది పోయి భుజాలు తేలికపడుతున్నాయి. పొద్దున బండి పంక్చరవడం, పెళ్ళివారితో మాటామాటా అనుకోవడం, అన్నీ ఎక్కడో ఎవరికో జరిగినట్టున్నాయి. పై కిటికీలోంచి పడిన ఎండ నేల మీద మెల్లగా జరుగుతూ సారిక మోకాలి దగ్గరకొచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. అలా చూడ్డం తప్పని తెలుసు. అయినా చూశాడు. ఎవరూ ఆపకుండానే పాట సన్నగిల్లి ఆగిపోయాక కూడా ఎవరూ కదల్లేదు. ముప్పై మూడు నిమిషాలు.

"ఎలా వచ్చిందండి?" అడిగింది సారిక, మెల్లగా.

"నాకు... చాలా బాగుందండి" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. మనవాడు తన తెలివంతా చూపించింది స్టూడియోకి వెళ్ళాకే.

కంప్యూటర్లో పెట్టి చూస్తే ఒకచోట దగ్గు, ఒకచోట పావురాలు, ఒకచోట దూరంగా ఆటో హారన్. ఏసురాజు అక్కడక్కడ అర క్షణం ఆలస్యం. ఒక గరగర గొంతు ఉండుండి పైకి తేలుతోంది. ఇలాంటిదా ఆ అమ్మాయి చేతిలో పెట్టేది? వెతగ్గా వెతగ్గా ఒక్కచోట, ఇరవై సెకన్లు, ఒకే ఒక్క విడత మచ్చ లేకుండా దొరికింది. పాడేది ఎలాగూ అదే వాక్యం కదా! ఆ ఒక్క విడతనీ కాపీ చేసి వందసార్లు అతికించాడు. అతుకు ఎక్కడా తెలియదు. వింటే అద్దంలా ఉంది. సారిక వినగానే "అబ్బ!" అంటుందని, అప్పుడు తానేమనాలో కూడా రెండుసార్లు రిహార్సల్ వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున అన్నవరంలో పెళ్ళి ఉంది. హార్డ్ డిస్కు నిండా పెళ్ళిళ్ళే. పాట తయారైపోయింది కదాని, అసలు రికార్డింగ్ ఉన్న కార్డు శుభ్రంగా చెరిపేసి కెమెరాలో వేసుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం పెన్ డ్రైవ్ పట్టుకుని, తలకి నూనె రాసుకుని మరీ చినపాలెం వచ్చాడు. పద్నాలుగు మందీ స్పీకర్ చుట్టూ చేరారు. పాట మొదలవగానే అందరి మొహాలూ వెలిగిపోయాయి. "ఇది మనమేనా?" అన్నాడు ఏసురాజు. రెండు నిమిషాలయింది. నాలుగయింది. సారిక కనుబొమలు దగ్గరపడ్డాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కా" అంది దేవకుమారి, "ఇందులో నేను లేను."

"ఉంటావులే, విను" అంది సారిక. ఇంకో మూడు నిమిషాలు విన్నారు. అప్పుడు సారికే లేచి స్పీకర్ ఆపింది.

"సత్యగారూ, ఇదంతా ఒకటే ముక్క కదాండీ?"

"అవునండి!" అన్నాడు సత్య హుషారుగా. "అన్నిట్లోకీ బాగా వచ్చిన ముక్క. ఒక్క దగ్గు లేదు, ఒక్క హారన్ లేదు."

"మేమందరం ఒకేసారి ఊపిరి తీసుకోమండి" అంది సారిక. కోపం ఇంకా రాలేదు, పాఠం చెప్పినట్టే చెప్పింది. "తీసుకుంటే పాట తెగిపోతుంది. ఒకరు ఆగినప్పుడు పక్కవాళ్ళు మోస్తారు. వాళ్ళు ఆగితే ఇంకొకళ్ళు. అందుకే ఏ ఒక్క విడతలోనూ పద్నాలుగు మందిమీ ఉండం. అరగంటా వింటేనే అందరం ఉంటాం. మీకు శుభ్రంగా వినపడిన విడత, దేవకుమారి ఊపిరి కోసం ఆగిన విడత."

గరగర గొంతు ఎవరిదో సత్యకి అప్పుడర్థమయింది.

"సరే, అసలు రికార్డింగ్ పెట్టండి" అంది సారిక.

"లేదండి."

"లేదంటే?"

"కార్డు చెరిపేశానండి. పొద్దున పెళ్ళికి..."

"బ్యాకప్?"

"అదీ లేదండి."

"సచివాలయంలో రేషన్ కార్డు దరఖాస్తుకి కూడా రెండుచోట్ల బ్యాకప్ ఉంచుతామండి మేము!" ఇప్పుడొచ్చింది కోపం. "ఎనిమిదేళ్ళండీ. దీన్ని పెళ్ళి వీడియోలో బ్యాండు మేళం అనుకున్నారా?"

"పోనీలే అక్కా" అంది దేవకుమారి. "నా గొంతు ఎప్పుడూ గరగరే కదా. లేకపోతేనే పాట బాగుంది. మీరేం బాధపడకండి అన్నయ్యగారూ."

సారిక తిట్టినదానికన్నా ఆ మాట అతన్ని ఎక్కువ కోసింది. ఆ పిల్ల నిజంగానే నవ్వుతూ అంది, అదీ బాధ.

"మంగళవారం సాయంత్రం కదండీ రైలు" అన్నాడు సత్య. "ఆ లోపు మళ్ళీ చేస్తాను. ఈసారి ఒక్క సెకను కూడా కొయ్యను. దగ్గులు, పావురాలు, ఏముంటే అవి. రికార్డు చేసింది చేసినట్టు చేతిలో పెడతాను."

"మంగళవారం కరెంటు తియ్యరుగా" అంది సారిక.

"ఊరినే ఆపుతానండి."

"ఎలా?"

ఎలాగో అతనికీ తెలియదు. సారిక జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం స్టూడియోకి తాళమేసి సత్య చినపాలెంలో దిగాడు. ముందు మిల్లు. వెంకటరాజుగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, గుప్పెట్లో బియ్యం పోసుకుని నూక ఎంతుందో చూసుకుంటున్నారు.

"మిల్లు అరగంట ఆపాలా? దేనికండీ?"

"పాట రికార్డింగుకండి. చర్చిలో."

"మీ పేరేంటి?"

"వీరవెంకటసత్యనారాయణండి."

ఆయన బియ్యం మీంచి కళ్ళెత్తారు. "చర్చి పాట కోసం మిల్లాపమని అడగడానికి అన్నవరం సత్యదేవుడే దిగొచ్చాడన్నమాట. నాలుగింటికి మావాళ్ళు టీ తాగుతారు, పావుగంట. ఇంకో పావుగంట మీ మొహం చూసి. నాలుగున్నరకి మాత్రం మోటారు వేసేస్తాను, తర్వాత నన్ననుకోకండి."

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు నాలుగు నుంచి నాలుగున్నర దాకా మోటారు వెయ్యకండమ్మా." కొందరు సరేనన్నారు, కొందరు నవ్వారు. చిట్టెమ్మ మామ్మ మాత్రం పట్టుబట్టింది.

"అది నా సీరియల్ టైమయ్యా."

"సౌండు తగ్గించుకోండి మామ్మగారూ."

"తగ్గిస్తే నాకు వినపడి చస్తుందా?"

"పోనీ చర్చికొచ్చి కూర్చోండి. సీరియల్ కన్నా బాగుంటుంది."

"ఏడుపులుంటాయా?"

"నా ఏడుపుందండి" అన్నాడు సత్య. మామ్మ జాలిపడి ఒప్పుకుంది. ఆటో బుల్లియ్య, అరగంటసేపు ఆటోలన్నిటినీ వంతెన అవతలే ఆపిస్తానని, దేవకుమారిని స్టేషన్‌కి కూడా తానే దింపుతానని మాటిచ్చాడు.

మూడింటికి వాన పట్టుకుంది. మామూలు వానా! కాలవకీ ఆకాశానికీ తేడా తెలియకుండా ముంచేసింది. సత్య దొరికిన వరండాలోకి ఉరికాడు. చూసుకుంటే అది సచివాలయం. కిటికీ వెనక కంప్యూటర్ ముందు సారిక.

ఆమె బయటికొచ్చింది. చేతిలో టిఫిన్ బాక్సు.

"పొద్దున్నుంచి చూస్తున్నానండి, ఈ కిటికీ ముందు నుంచి తొమ్మిదిసార్లు వెళ్ళారు. అన్నం తిన్నారా?"

"తిన్నానండి."

"అబద్ధం."

"అవునండి."

పులిహోర. వరండా గట్టు మీద కూర్చుని తిన్నాడు. చూరు నుంచి ధారలు పడుతున్నాయి. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చాలాసేపు ఇద్దరూ వానే విన్నారు.

"ఒక మాట చెప్పనాండీ" అన్నాడు సత్య, బాక్సులోకి చూస్తూ. "శనివారం చర్చిలో నేను బాగానే విన్నాను. అంత హాయిగా నేనెప్పుడూ లేను. స్టూడియోకి వెళ్ళాక వినడం మానేసి స్క్రీన్ మీద గీతలు చూడ్డం మొదలుపెట్టాను. అక్కడే తప్పు చేశాను. మీకు నచ్చాలని చేశానండి. అది ఇంకా పెద్ద తప్పు."

సారిక వాన జల్లు చెంప మీద పడితే చున్నీతో తుడుచుకుంది.

"మిల్లాయన ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారండి."

"ఆయన మా పాస్టరుగారి మాటే వినరు. ఏం చెప్పారేంటి?"

"నా పేరు చెప్పానండి."

ఆమె పకపకా నవ్వింది. ఆదివారం నుంచి సత్య గుండె మీద కూర్చున్న బరువేదో లేచి వానలో వెళ్ళిపోయింది.

మంగళవారం నాలుగింటికి మిల్లు ఆగింది. మోటార్లు ఆగాయి. ఫ్యాన్లు కట్టేశారు. దేవకుమారి సూట్‌కేసు గుమ్మం దగ్గరుంది. వెనక బెంచీలో సంపూర్ణమ్మగారి పక్కన చిట్టెమ్మ మామ్మ చీరకొంగు తల మీద కప్పుకుని బుద్ధిగా కూర్చుంది. సత్య ఒక కాగితం మీద పద్నాలుగు పేర్లు రాసుకున్నాడు. ఏ గొంతు స్పష్టంగా వినపడితే ఆ పేరుకి టిక్కు. పద్నాలుగు టిక్కులూ పడితేనే పాట పూర్తయినట్టు.

"నీ సన్నిధే నాకు నెమ్మది..."

ఈసారి ఏసురాజు ఎత్తుకున్నాడు. సత్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి టిక్కు దేవకుమారికే పడింది. ఆ గరగర గొంతు మొన్న అతనికి మచ్చలా అనిపించింది. ఇవాళ వింటే మిగతా గొంతులన్నీ దాని మీదే ఆనుకుని నడుస్తున్నాయి. ఏసురాజు ఆలస్యమూ అంతే. అందరూ దాటాక వెనక ఎవరూ మిగిలిపోకుండా చూసుకునేవాడి నడక అది. ఒకరు ఆగుతున్నారు, ఇంకొకరు అందుకుంటున్నారు. పాట కాలవ నీరులా ఎక్కడా తెగకుండా పోతోంది. వాన కడిగిన వెలుతురు చాప నిండా పరుచుకుంది. ఎనిమిది టిక్కులు. పది. పదమూడు.

ఇరవై నిమిషాలయింది. పద్నాలుగోది పడలేదు.

సత్య కళ్ళు తెరిచాడు. సారిక పెదాలు కదలడం లేదు. చెయ్యి మాత్రం మెల్లగా ఊపుతూ అందరినీ నడిపిస్తోంది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

ఇంకో నాలుగు నిమిషాలు చూశాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, కాళ్ళ చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి, ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాగితం చూపించాడు. పదమూడు పేర్ల పక్కన టిక్కులు. ఆమె పేరు పక్కన ఖాళీ.

సారిక కాగితం చూసింది. అతన్ని చూసింది. కన్నీళ్ళు జారిపోయాయి. తుడుచుకోకుండానే నోరు తెరిచింది. మొదటి మాట వణికింది, పక్కనున్న దేవకుమారి అందుకుని మోసింది. రెండో మాటకి సారిక గొంతు నిలబడింది. సత్య వెనక్కి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. టిక్కు పెట్టడానికి చెయ్యి ఆడలేదు.

పాట దానంతట అదే ఆగేసరికి నాలుగూ ఇరవై ఏడు.

ఆ తర్వాత హడావుడి. "ఆటో వచ్చేసింది! సూట్‌కేసు! పచ్చడి సీసా!" అంటూ అందరూ దేవకుమారితో బయటికి నడిచారు. పెద్దవాళ్ళూ వెళ్ళారు. సారిక మైకు ముందు నుంచి లేవలేదు.

"ఎందుకు పాడలేదండి?" అడిగాడు సత్య గుమ్మం దగ్గర్నుంచే.

"నోరు తెరిస్తే ఏడుపొచ్చేస్తుందని. పద్నాలుగు గొంతుల్లో నాదొక్కటి లేకపోతే మీకెలా తెలిసింది?"

"నేను వింటున్నది అదొక్కటే కాబట్టి." సత్య ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఆగితే జన్మలో చెప్పలేడని తెలుసు. "మీరంటే నాకు చాలా ఇష్టమండి. మీ గొంతు వినపడని ఇల్లు నాకొద్దు. మనిద్దరి ఇళ్ళూ వేరు, దేవుళ్ళు వేరు, అన్నీ తెలుసు. తెలిసే చెప్తున్నాను. పెళ్ళి చేసుకుందామండి."

సారిక తలెత్తింది. పెదాలు కదిలాయి.

సరిగ్గా అప్పుడే రోడ్డవతల వెంకటరాజుగారి మిల్లు ధడధడమని లేచింది. కిటికీలు అదిరాయి.

"ఏమన్నారండీ?" అరిచాడు సత్య.

"అక్కా, రైలు వెళ్ళిపోతుంది!" అని అరుస్తూ దేవకుమారి లోపలికొచ్చి సారిక చెయ్యి పట్టుకుని లాగింది. ఇంకో చేత్తో తన ఫోన్ సత్య చేతిలో పెట్టింది. "పాట ఎక్కించెయ్యండి అన్నయ్యగారూ, త్వరగా!"

సత్య గబగబా ఎర్రలైటు వెలుగుతున్న మిషను ఆపి, కార్డు తీసి, ఉన్నది ఉన్నట్టు ఫోనుకి ఎక్కించాడు. మాటిచ్చాడు కదా, ఒక్క సెకను కొయ్యనని. బుల్లియ్య ఆటో దేవకుమారినీ సారికనీ ఎక్కించుకుని వంతెన దాటిపోయింది. సత్య గుమ్మంలోనే ఉండిపోయాడు.

ఆమె ఏమంది? "అవును" అందా, "వద్దు" అందా? నవ్విందా? లేదు, నవ్వలేదు. పోనీ ఏడ్చిందా? అంతకుముందు నుంచీ ఏడుస్తూనే ఉంది కదా! ఇంటికొచ్చి పాటని మూడుచోట్ల బ్యాకప్ పెట్టుకున్నాడు. వినే ధైర్యం మాత్రం రాలేదు. ఆ గొంతు ఇంకోసారి వింటే ఏమైపోతాడో! వెంకటదుర్గ పెసరట్టు వేసి పెడితే, చల్లారేదాకా దాని మొహమే చూస్తూ కూర్చున్నాడు.

ఏడు కాబోతుండగా ఫోన్ మోగింది. అవతల దడదడమని రైలు చప్పుడు.

"బావగారూ!"

"ఎవరండీ?"

"నేనండి, దేవకుమారిని. గోదావరి బ్రిడ్జి మీదున్నాను. పాట వింటున్నాను. నేనున్నానండి ఇందులో. మొదట్నుంచీ చివరిదాకా ఉన్నాను. నా గొంతు ఇంత అవసరమని నాకే తెలియదు."

సత్యకి కళ్ళు చెమర్చాయి. "అది నా అదృష్టమమ్మా" అన్నాడు. అప్పుడు వెలిగింది. "ఇందాక నన్నేమని పిలిచావు?"

"మీరింకా వినలేదా? పాట అయిపోయాక మీరు మిషను ఆపలేదు బావగారూ! మీరన్నదీ ఉంది, అక్క అన్నదీ ఉంది. ఇంకో సంగతి, తిట్టకూడదు మరి. స్టేషన్లో అక్క టీకి వెళ్ళినప్పుడు వినకుండానే క్వయర్ గ్రూపులో పెట్టేశాను. పెద్దమ్మ కూడా ఉంది గ్రూపులో."

పెద్దమ్మంటే సంపూర్ణమ్మగారు. సత్య అప్పటికప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటని చివరికి జరిపాడు. మిల్లు రొద. ఆ రొదలో, మైకుకి బెత్తెడు దూరంలో, సారిక.

"నాకూ ఇష్టమేనండి. కానీ ఇప్పుడే ఎవరికీ చెప్పకండి. ముందు అమ్మకి నేను చెప్పుకోవాలి."

నాలుగుసార్లు విన్నాడు. అయిదోసారి వినేలోపు ఫోన్ మళ్ళీ మోగింది.

"బాబూ, సంపూర్ణమ్మని."

సత్య లేచి నిలబడ్డాడు. "ఆయ్... నమస్కారమండి."

"పాట మొత్తం విన్నాను. చివరిదాకా. నా కూతురు నాకు ముందు చెప్పుకుందామనుకున్న మాట, గ్రూపులో విన్న చిట్టెమ్మగారి మనవరాలు వచ్చి నాకు చెప్పింది."

"తప్పయిపోయిందండి. కొయ్యనని మాటిచ్చానని..."

"అదే చూస్తున్నాను. ఇచ్చిన మాట మీద నిలబడ్డావు. నీకు ముంచుకొచ్చినా నిలబడ్డావు. సారిక ఇందాకే స్టేషన్ నుంచి వచ్చింది. అడిగాను. 'నా గొంతు లేదని అతనొక్కడికే తెలిసిందమ్మా' అని ఒక్కటే మాట చెప్పింది, నేను కాదనలేకపోయాను. మీ అమ్మగారున్నారా? ఇవ్వు."

వెంకటదుర్గ అట్లకాడ పట్టుకునే ఫోనందుకుంది. సత్య గోడకి ఆనుకుని ఒకవైపు మాటలే విన్నాడు.

"ఆయ్, చెప్పండి... మావాడేనండి... నాలుగు రోజుల నుంచి తిండి సరిగ్గా తినట్లేదండి... ఓహో, అందుకాండీ!... మీ అమ్మాయి కూడానాండి?... అవునండి, మాకూ కొత్తేనండి... వాళ్ళ నాన్నగారితో నేను మాట్లాడతానులెండి... ఆదివారమాండీ? అలాగేనండి. ఉంటానండి."

ఫోన్ ఇచ్చేసి కొడుకుని కిందినుంచి పైదాకా చూసింది.

"అమ్మా, నేనే చెబుదామనుకున్నాను..."

"కూర్చో. ఏదీ, ఆ పాట నాకూ పెట్టు."

హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాడు. పాట మొదలైంది. వెంకటదుర్గ చేతిలో అట్లకాడ మెల్లగా ఒళ్ళోకి దిగింది. పది నిమిషాలకి పొయ్యి ఆపమని సైగ చేసింది.

"ఇందులో ఆ పిల్ల ఎవర్రా?"

"ఇరవై నాలుగో నిమిషం దాకా ఆగాలమ్మా."

ఆగింది. తల్లీ కొడుకూ వంటింటి గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నారు. ఆ గొంతు వచ్చింది, వణికింది, నిలబడింది. అమ్మ మొహం చూస్తేనే సత్యకి తెలిసిపోయింది. వెంకటదుర్గ చివరిదాకా కళ్ళు తెరవలేదు. మిల్లు రొదలో ఆ పిల్ల చెప్పిన జవాబు కూడా విన్నాక హెడ్‌ఫోన్లు తీసి, కళ్ళు ఒత్తుకుంది.

"ఆదివారం వెళ్ళినప్పుడు గుర్తు చెయ్యరా" అంది. "వాళ్ళమ్మగారు ఏమీ అనుకోకపోతే, ఆ పిల్లకి దిష్టి తియ్యాలి."